మంచాల లెక్క

కాచిగూడ చౌరస్తాకూ బర్కత్‌పురకూ మధ్య మేముండే సందులో ఒక పాత విద్యార్థి వసతి గృహం ఉంది. ఒక సామాజిక వర్గం వారు తమ పిల్లలు పట్నంలో ఉండి చదువుకోవడానికి చందాలు పోగుచేసి కట్టుకున్నది. మూడు నెలలుగా మా వీధిలో దాని గురించే చర్చ. పడగొట్టి కొత్తది కడతామని మేనేజింగు కమిటీ అంటోంది. అసలు హాస్టలే ఇక్కడ వద్దని కాలనీ సంఘం అంటోంది. ఒక్క ఇటుక కూడా కదపవద్దని పూర్వ విద్యార్థుల్లో కొందరు పట్టుపడుతున్నారు. ఈ మూడు పక్షాల్లోనూ నా పేరుంది. 1987 నుంచి 1990 వరకు ఆ హాస్టల్లోనే ఉండి డిగ్రీ చదివాను, దాన్ని నడిపే సంఘంలో శాశ్వత సభ్యుణ్ణి, ఇప్పుడు దానికి ఎదురుగా ఉన్న అపార్టుమెంటులో మూడో అంతస్తులో కాపురముంటున్నాను. ముగ్గురి మాటలూ వింటున్నాను కాబట్టి, ముగ్గురూ వదిలేస్తున్న సంగతి ఒకటి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను మొదటిసారి ఇక్కడికి వచ్చింది దేవరకద్రలో మీటరు గేజి రైలెక్కి. కాచిగూడ స్టేషనులో దిగి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, దారి అడుగుతూ నడిచి వచ్చాను. పాలమూరు వైపు నుంచి వచ్చే పిల్లలకు పట్నమంటే మొదట కాచిగూడే. 1916లో కట్టిన ఆ స్టేషను చుట్టుపక్కల కుల సంఘాల హాస్టళ్ళు ఇన్ని ఎందుకున్నాయని అడిగేవారికి నేను చెప్పే సమాధానాల్లో రైలు ఒకటి. రెండవది, నిజాం కాలంలో పై చదువులన్నీ హైదరాబాదులోనే ఉండటం. నిజాం కాలేజీ 1887 నాటిది, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నాటిది. జిల్లాల్లో మాత్రం ఉన్నత పాఠశాలలే వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. పట్నంలో బంధువు ఉన్నవాడు చదువుకున్నాడు, లేనివాడు ఊళ్ళో ఉండిపోయాడు. ఉస్మానియా పుట్టిన 1918లోనే, తరువాతి కాలంలో నగర కొత్వాలైన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టలు మొదలు కావడం యాదృచ్ఛికం కాదు. చూపించుకోవడానికి బంధువు లేని కుర్రవాడికి ఆ హాస్టలే బంధువు. దాని వ్యవహారాలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారంటే, ఆ నాలుగు గోడల మధ్య తిండీ నిద్రా కాక ఇంకా ఏవో జరిగేవని అర్థమవుతుంది. రెడ్ల పేరుతో ఉన్నా అక్కడ ఇతర కులాల పిల్లలు కూడా చదువుకున్నారు. దాన్ని చూసి మిగతా వర్గాల వారూ కట్టుకున్నారు. వైశ్యుల హాస్టలు, మున్నూరు కాపుల హాస్టలు ఈ కాచిగూడ పరిసరాల్లోనే ఉన్నాయి. మాది వాటన్నిటికన్నా చిన్నది, పేరు ప్రఖ్యాతులు లేనిది. ఆ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే దాని తగాదా ఇంకా తెగలేదు.

భవనం సంగతి ముందు చెప్పాలి. అది రెండు ముక్కలు. ముందు భాగం డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు, షాబాదు బండలు పరిచిన పొడుగాటి వరండా, ఎత్తైన కమానులు. మా తాతల తరం వారు కట్టించినది. వెనక భాగం 1970ల్లో పిల్లల సంఖ్య పెరిగాక హడావిడిగా లేపిన రెండంతస్తుల స్లాబు కట్టడం. చూడటానికి వచ్చిన ఇంజనీరు చిన్న సుత్తితో రెండింటినీ తట్టి చూసి చెప్పిన మాట చాలామందికి రుచించలేదు. పాతది గట్టిగా ఉంది, కొత్తదే పోయిందన్నాడు. వెనక స్లాబులో ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, కింది సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. పై అంతస్తులో నేనున్న 14వ నంబరు గదికి మొన్న వెళ్ళి చూశాను. రెండు మంచాల మధ్య ఒక బకెట్టు, దాని అడుగున నీటి చప్పుడు వినపడకుండా మడిచి వేసిన పాత లుంగీ, పైన స్లాబులో చేతి వెడల్పున బయటపడిన ఎర్రటి చువ్వలు. ఆ చువ్వల కింద ఒక కుర్రాడు తలకిందులుగా, అంటే తల ఉండవలసిన చోట కాళ్ళు పెట్టుకుని పడుకుంటున్నాడు. రాలితే కాళ్ళ మీద రాలుతుందట. ఇటుక కదపవద్దని వాట్సాప్ గుంపులో రోజూ రాసే మా మిత్రులు ఒక్క రాత్రి ఆ మంచం మీద పడుకుని ఆ తరువాత రాస్తే బాగుంటుంది.

పూర్వ విద్యార్థుల అభిమానం నాకు అర్థం కానిది కాదు. వరండా చివర వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడితే భోజనానికి పిలుపు. ఆ చప్పుడు ఇప్పటికీ వంటింట్లో ఏదైనా గిన్నె జారినప్పుడు నాకు వినిపిస్తుంది. కానీ అభిమానం వేరు, వారసత్వ కట్టడమని వాదించడం వేరు. హైదరాబాదులో పాత కట్టడాలకు రక్షణగా జోనింగు నిబంధనల్లో ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. పాతదానిలో గానీ కొత్తదానిలో గానీ మా హాస్టలు ఏ జాబితాలోనూ లేదు. చట్టం చేతికి రాని చోట చట్టం పేరెత్తి బెదిరించడం వల్ల ఇన్నాళ్ళూ పోయింది కాలమే. ఆ కాలంలో వెనక స్లాబు మరికొంత రాలింది.

ఇక కమిటీ ప్రతిపాదన. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మొత్తం 1,800 గజాల స్థలాన్ని ఒక బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇస్తారు. అతను తన ఖర్చుతో కట్టి సగం మనకిస్తాడు, సగం తాను ఉంచుకుంటాడు. కింద రెండు అంతస్తుల్లో ఫంక్షన్ హాలు, దాని పైన బిల్డరు అమ్ముకునే ఆఫీసులు, అన్నిటికన్నా పైన హాస్టలు. ఫంక్షన్ హాలు అద్దెతో హాస్టలు నడుస్తుంది, సంఘం మీద రూపాయి భారం పడదు, పిల్లలకు గదికో బాత్‌రూము వస్తుంది. వినడానికి ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉండదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా కమిటీ రెండూ ఒకే స్థలంలో, రెండూ పరాయివాడి డబ్బుతో కానిచ్చేద్దామనుకుంటోంది.

బిల్డరు వాటా అంటే గోడలూ గదులూ మాత్రమే అనుకునేవారు మా సంఘంలో చాలామంది ఉన్నారు. కాదు. అతని నుంచి ఆఫీసు కొన్న ప్రతివాడికీ కింద ఉన్న నేలలో అవిభాజ్య వాటా, అంటే ఫలానా ముక్క అని విడదీసి చూపలేని హక్కు, రిజిస్టరవుతుంది. ఇవాళ ఈ 1,800 గజాలకు యజమాని ఒక్కటే సంఘం. రేపు ఆ కాగితాల మీద సంతకాలయ్యాక ఇరవయ్యో ముప్ఫయ్యో మంది యజమానుల్లో సంఘం ఒకటవుతుంది. మరో 40 ఏళ్ళకు ఆ కట్టడమూ పెచ్చులూడుతుంది (1970ల స్లాబు గతి చూశాం కదా). అప్పుడు దాన్ని బాగు చేయాలన్నా, పడగొట్టాలన్నా, పైన ఇంకో గది వేయాలన్నా ఎక్కడెక్కడో ఉండే ఆఫీసు యజమానుల అనుమతి కోసం మా మనవలు తిరగాలి. పల్లెల్లో పుట్టి పెరిగిన వాళ్ళం, ఉమ్మడి గట్టు తగాదా తరాలు తినేస్తుందని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. భూమిని అమ్మడం లేదు, అభివృద్ధికి ఇస్తున్నామంతే అని కమిటీ పెద్దలు అంటున్నప్పుడు, సగం భూమి అమ్మి ఆ డబ్బుతో మిగతా సగంలో కట్టుకోవడానికీ దీనికీ తేడా ఏమిటో చెప్పమని నేను సర్వసభ్య సమావేశంలో అడిగాను. సగం అమ్మే పద్ధతిలో ధర ఎంతో కనీసం బహిరంగంగా తెలుస్తుంది. నా ప్రశ్నకు వచ్చిన జవాబు, "అన్నా, నువ్వెప్పుడూ గింతే."

దాతలు ఇచ్చిన స్థలం విషయంలో చట్టం కూడా ఇంత తేలికగా ఊరుకోదు. ధర్మాదాయ సంస్థ కిందికి వచ్చేదయితే 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం ప్రకారం స్థిరాస్తిని ఇతరుల పరం చేయడానికి కమిషనరు ముందస్తు అనుమతి కావాలి. ఉత్త సొసైటీ అయితే దాని నిబంధనావళే దారి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఆ నిబంధనలు మార్చుకోవాలన్నా సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం కావాలి. మా సంఘం ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో తేల్చకుండానే బిల్డరుతో మాటలు మొదలయ్యాయి. మూల దానపత్రం ఉర్దూలో ఉంది. దాన్ని చదివించమని అడిగితే, చదివించాం, అందులో ఏమీ లేదని కార్యదర్శి అన్నారు. పాత బస్తీ నుంచి ఒక పెద్దాయనను పిలిపించి మళ్ళీ చదివించాం. "బీద తాలిబ్ ఇల్ముల బస కోసం" అని ఉంది. పేద విద్యార్థులు ఉండటం కోసం. ఫంక్షన్ హాలు ఆ వాక్యంలో ఎక్కడ ఇమిడిందో నాకు కనపడలేదు.

ఎత్తు విషయంలోనూ లెక్క కుదరలేదు. హైదరాబాదులో ఎన్ని అంతస్తులు వేయవచ్చో ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పూ, చుట్టూ వదిలిన ఖాళీ స్థలమూ నిర్ణయిస్తాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 18 మీటర్లు దాటిన కట్టడానికి కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. మా సందు 30 అడుగులు, అంటే 9 మీటర్లు. కమిటీ గోడకు తగిలించిన రంగుల బొమ్మలో మాత్రం ఏడంతస్తుల భవనం ముందు విశాలమైన రోడ్డు, దాని మధ్యలో పూల మొక్కలు ఉన్నాయి. ఆ పూల మొక్కలున్న చోట ప్రస్తుతం మా అపార్టుమెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉంది.

కాలనీ సంఘం అభ్యంతరాల గురించి, అందులో సభ్యుడిగా, సిగ్గుపడుతూనే రాయాలి. హాస్టలు వల్ల పార్కింగు ఇబ్బంది అని మా వినతిపత్రంలో మొదటి అంశం. మా అపార్టుమెంటు ఉన్న చోట 1987లో ఒక్కటే ఇల్లు, ఒక బావి, రెండు వేప చెట్లు ఉండేవి. ఇప్పుడు 20 ఫ్లాట్లు, 26 కార్లు. కింద స్తంభాల మధ్య వదిలిన స్టిల్టులో 14 కార్లకే చోటుంది. మిగతా 12 రాత్రిపూట నిలిచేది హాస్టలు ప్రహరీ పక్కన. హాస్టలు పిల్లలకున్నవి తొమ్మిది మోటారు సైకిళ్ళు, అవి లోపలే ఉంటాయి. డ్రైనేజీ పొంగుతోందన్నది రెండవ అంశం. ఇండ్లు ఉన్న కాలంలో వేసిన గొట్టం మీదనే అపార్టుమెంట్లన్నీ పడ్డాయి, పొంగక ఏం చేస్తుంది? మూడవది, మగపిల్లల వల్ల ఆడపిల్లలున్న ఇళ్ళకు ఇబ్బంది. దీన్ని నేను కొట్టిపారేయను. డాబా మీద రాత్రి 11 గంటలకు క్రికెట్టు వ్యాఖ్యానం పెట్టుకుని అరిచే పిల్లల మీద నేనే రెండుసార్లు వార్డెనుకు ఫోను చేశాను. దానికి వార్డెను ఉన్నాడు, గేటు వేళలున్నాయి, డాబాకు తాళం ఉంది. ఏడాదికి వంద రాత్రులు బ్యాండు మేళం, బారాతు, డీజే, వీధి పొడుగునా వరుసగా కార్లు ఆగే ఫంక్షన్ హాలుకు ఏ వార్డెనూ ఉండడు. విచిత్రమేమంటే మా వినతిపత్రంలో హాస్టలు మీద ఏడు అంశాలుంటే ఫంక్షన్ హాలు మీద ఒక్కటే ఉంది, అదీ చివర్న. మా కార్యదర్శిని అడిగితే, "పెళ్ళి హాలు పక్కనే ఉంటే మనకూ సౌకర్యమే కదండీ" అన్నారు.

మరొక వాదన ఉంది, అది బలమైనది. ఈ రోజుల్లో కులం పేరున హాస్టలేమిటి? మా వీధిలో ఈ ప్రశ్న వేసినవారు తమ అపార్టుమెంటులో ఫ్లాటు అద్దెకిచ్చేముందు ఇంటిపేరు అడిగేవారే కాబట్టి నవ్వొచ్చింది. అయినా ప్రశ్న ప్రశ్నే. నా జవాబు, అవును, తలుపు తెరవాలి. దానపత్రంలో బీద విద్యార్థులనే ఉంది, కులం పేరు తరువాత నిబంధనావళిలో చేరింది. మా వర్గంలో 1930ల్లో పట్నం ముఖం చూడని కుటుంబాలు ఇప్పుడు అమెరికాలో ఉన్నాయి. వాళ్ళ పిల్లలకు ఈ మంచాలతో పనిలేదు. సగం సీట్లు కులంతో నిమిత్తం లేకుండా పేద పిల్లలకు ఇవ్వాలని నేను రాతపూర్వకంగా ప్రతిపాదించాను. దానికి సమావేశంలో మద్దతుగా లేచిన చేతులు నాలుగు, నాది కలుపుకొని. కొత్త భవనానికి ప్రభుత్వ సాయం అడుగుదామన్న తీర్మానానికి మాత్రం అందరి చేతులూ లేచాయి. అందరి పన్నుల సొమ్ము అడిగేటప్పుడు అందరి పిల్లలూ గుర్తుకు రావాలి.

ఊరి బయటికి వెళ్దామనే వారు కూడా ఉన్నారు. రెడ్డి హాస్టలుకు ప్రభుత్వం రాజేంద్రనగరు దగ్గర బుద్వేలులో స్థలమిచ్చి 2017లో శంకుస్థాపన చేసింది. వెనకబడిన తరగతుల కుల సంఘాలకు కోకాపేటలోనూ ఉప్పల్ భగాయతులోనూ ఆత్మగౌరవ భవనాలకు స్థలాలు కేటాయించింది. మనమూ ఇది అమ్ముకుని అవుటరు రింగు రోడ్డు అవతల రెండెకరాలు కొంటే దర్జాగా ఉండవచ్చునని వీరి లెక్క. ప్రభుత్వం ఇచ్చిన చోట మరొకటి కట్టుకోవడం ఒకటి, ఉన్నదాన్ని అమ్ముకుని వెళ్ళిపోవడం మరొకటి. ఈ హాస్టలుకున్న విలువల్లా అది ఉన్న చోటే. ఇప్పుడున్న పిల్లల్లో సగం మంది డిగ్రీ అయిపోయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నవారు. పొద్దున టిఫిను తిని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్తారు, అక్కడ కుర్చీ దొరక్కపోతే మెట్ల మీద కూర్చుంటారు, మధ్యాహ్నం మెస్సుకు వచ్చి తిని మళ్ళీ వెళ్తారు. కొందరు సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా బండి మీద భోజనం పార్సిళ్ళు అందించి ఖర్చులు వెళ్ళదీసుకుంటారు. వాళ్ళను అవుటరు అవతలకు పంపితే పెద్ద ఆట స్థలం ఉంటుంది, ఆడటానికి వాళ్ళుండరు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న సంగతి. ఈ మూడు నెలల్లో మూడు పక్షాలూ అచ్చు వేయించిన కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. గజాల లెక్క ఉంది, చదరపు అడుగుల లెక్క ఉంది, కార్ల లెక్క ఉంది, ఫంక్షన్ హాలు రోజుకు ఎంత తెస్తుందో ఉంది, కమానులు ఎన్నో కూడా ఉంది. మంచాల లెక్క ఎందులోనూ లేదు. ఇవాళ 24 గదుల్లో 70 మంచాలున్నాయి. పిల్లలు నెలకు తిండితో కలిపి 2,500 రూపాయలు కడుతున్నారు, ఇది చాలక ముందున్న రెండు షాపుల అద్దెతో పూడుస్తున్నాం. కొత్త ప్లానులో హాస్టలు వాటాకు వచ్చిన గదులను నేనే కూర్చుని లెక్కపెట్టాను. గదికి ఇద్దరు చొప్పున 56 మంచాలు. గదికో బాత్‌రూము వచ్చింది, 14 మంచాలు పోయాయి. కొత్తగా ఎంత వసూలు చేస్తారని అడిగితే బయటి హాస్టళ్ళ కన్నా తక్కువే ఉంటుందన్నారు. అశోక్‌నగరులో, దిల్‌సుఖ్‌నగరులో బయటి హాస్టలు రేటు కట్టగలిగినవాడు ఇక్కడికి రానే రాడు.

అందుకని నేను పట్టుపట్టేది నాలుగు గోడల కోసం కాదు. వెనక స్లాబు పడగొట్టాలి, అందులో అనుమానం లేదు. ముందు భాగాన్ని బాగు చేసి అలాగే ఉంచాలి, అందంగా ఉందని కాదు, గట్టిగా ఉందని. వెనక కట్టేటప్పుడు పిల్లల్లో సగం మంది ముందు భాగంలోనూ, హాలులోనూ సర్దుకోవచ్చు, మిగతా సగానికి కట్టినన్నాళ్ళూ బయట అద్దె సంఘమే కట్టాలి. ఒక స్టిల్టు, దానిపై నాలుగు అంతస్తులు, అంతకు మించి ఈ సందు మోయదు. అందులో వంద మంచాలు వస్తాయని ఇంజనీరు అన్నాడు, అంతస్తుకు ఉమ్మడి బాత్‌రూములైతే. బిల్డరు లేకుండా డబ్బెక్కడిదని అడుగుతారు. షాపుల అద్దె చూపించి బ్యాంకు రుణం కొంత, పూర్వ విద్యార్థుల చందా కొంత. మా బ్యాచిలోనే అయిదుగురు తమ కూతుళ్ళ పెళ్ళిళ్ళకు ఒక్క రోజు హాలుకు పెట్టిన ఖర్చు నాకు తెలుసు. ఆలస్యమవుతుంది, ఒక్కో అంతస్తూ ఒక్కో ఏడు లేస్తుంది, రిబ్బను కత్తిరించేవారికి అంత సంబరం ఉండదు. భూమి మాత్రం సంఘానిదే అయి ఉంటుంది.

గత సర్వసభ్య సమావేశం హాస్టలు భోజనశాలలోనే జరిగింది. బల్లలు పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, బిల్డరు తరఫు కుర్రవాడు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. హాస్టల్లో ఉన్నంతకాలం ఎవరికీ సభ్యత్వం ఇవ్వరు, అది పాత నిబంధన. అందువల్ల అక్కడ నివసించే 70 మందిలో ఒక్కరికీ ఓటు లేదు. ముగ్గురు పిల్లలు మాత్రం టీలు అందించడానికి ఉన్నారు. అందరూ మాట్లాడటం అయ్యాక, నాకు టీ ఇచ్చిన కుర్రాడు ఖాళీ గ్లాసుల ట్రే చేతిలో పట్టుకునే, "సార్, కట్టేదాక మేమెక్కడ ఉండాలె?" అని వేదిక వైపు చూసి అడిగాడు. అధ్యక్షులు నవ్వి, చూద్దాంలే బాబూ అన్నారు, తరువాతి అంశానికి వెళ్ళారు.

మరుసటి వారం మినిట్సు పుస్తకం తెప్పించుకుని చూశాను. ఆ ప్రశ్న అందులో లేదు. దాన్ని చేర్చమనీ, వచ్చే సమావేశం అజెండాలో మొదటి అంశంగా పెట్టమనీ కార్యదర్శికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. 14వ నంబరు గదిలో కుర్రాడు ఇంకా కాళ్ళు అటు పెట్టుకునే పడుకుంటున్నాడు.